కొలతలివ్వని కస్టమరు

శుభవార్త ఆ ఇంట్లో అందరికంటే ఆలస్యంగా తెలిసింది ఆమెకే. అదీ, ఆమె కడుపు గురించిన శుభవార్త!

ఆ ఉదయం ఎప్పటిలాగే మొదలైంది. కుట్టు షాపు తలుపులు తీయగానే లేత ఎండ వచ్చి మిషను మీద కూర్చుంది. ఇస్త్రీపెట్టె ఆవిరీ, టీ ఆవిరీ కలిసిపోయే ఆ పది నిమిషాలంటే ఆమెకు ప్రాణం. భర్త కటింగ్ మాస్టారు. చెవి మీద సుద్దముక్క పెట్టుకుని గుడ్డ కోస్తాడు. ఖాజాలూ గుండీలూ ఆమె వంతు. అందుకే పెళ్లయిన వారానికే ఆమెకు 'గుండీ' అని ముద్దుపేరు పెట్టేశాడు.

ఖాజాలు తీయాల్సిన చొక్కాల దొంతర మీద, అన్నిటికంటే పైన, జానెడు పసుపుపచ్చ చొక్కా కనిపించింది.

"ఏవండీ, దీనికి కొలతల చీటీ లేదు. ఎవరిదీ?"

"ఆ కస్టమరు ఇంకా కొలతలివ్వలేదులే," అన్నాడు మాస్టారు, నవ్వు ఆపుకోలేక.

వెనక గదిలోంచి అత్తగారు టీ గ్లాసులతో వచ్చేసింది. "ఇంకెన్నాళ్లు దాస్తావే అమ్మాయ్? నీ స్కర్టుల నడుములు మూడుసార్లు వదులు చేశాడు నా కొడుకు. వాడి టేపు అబద్ధం చెప్పదు. ఎదురుగా చెప్పుల షాపాయనకి కూడా చెప్పేశాను!"

పొట్ట పెరుగుతున్నా స్కర్టులు బిగుతు కావడం లేదేమిటా అని ఆమె అనుకుంటూనే ఉంది. ఆయన చడీచప్పుడు లేకుండా కుట్లు విప్పి, లోపల వదిలిన గుడ్డ బయటికి తీసి, మళ్లీ కుట్టేశాడన్నమాట.

"నువ్వే చెప్తావని రోజూ చూస్తున్నానోయ్ గుండీ," అన్నాడు.

తల్లీ కొడుకూ నవ్వుతున్నారు. ఆ నవ్వుల మధ్య ఆమెకు ఆస్పత్రి వరండా గుర్తొచ్చింది. మూడు వారాల క్రితం, దారపు కండెలు కొనుక్కొస్తానని చెప్పి ఒక్కతే వెళ్లింది. అక్కడ అందరూ జంటలే. పక్క కుర్చీ ఖాళీగా కనబడకుండా దాని మీద తన సంచీ పెట్టుకుంది. అప్పటి స్కానింగ్ కాగితం ఈ రోజుకీ కండెల డబ్బాలో అడుగున ఉంది.

"కడుపు కాదండీ," అంది మెల్లగా.

అత్తగారు గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టింది. "కాదా? మరి ఈ పొట్ట నా వంట మహిమా?"

"గర్భసంచిలో గడ్డలు అత్తయ్యా. మూడున్నాయి. పెద్దది బత్తాయికాయని మించే ఉంది."

మాస్టారి చేతిలో కత్తెర ఆగిపోయింది. "గడ్డలంటే... క్యాన్సరా?"

"కాదన్నారు డాక్టరమ్మ. చాలామందికి ఉంటాయట. కానీ ఒకటి బిడ్డ నిలవాల్సిన చోటికే అడ్డంగా ఉంది. మనకి ఇన్నాళ్లూ నిలవకపోవడానికి అదే కారణం కావచ్చన్నారు."

"ఇంత విషయం కడుపులో పెట్టుకున్నావా? మేమేమన్నా పరాయివాళ్లమా?" అత్తగారి గొంతు లేచింది. "వీధంతా చెప్పాను, ఇప్పుడు నా తల ఎక్కడ పెట్టుకోను?"

"మీ తల సంగతేనా అత్తయ్యా? నెలనెలా రక్తం వరదలా పోతుంటే, మరక కనబడకూడదని నల్ల స్కర్టులే వేసుకున్నాను. కళ్లు తిరిగితే మిషను పట్టుకుని నిలబడ్డాను. పిల్లలు పుట్టని కోడలంటారని భయమేసి ఎవరికీ చెప్పలేదు!"

"నీకు నలుపంటే ఇష్టమనుకున్నాను," అన్నాడు మాస్టారు. "గుడ్డని చూసి మనిషిని చెప్పేస్తానని గొప్పలు పోయాను. మనిషిని అడగాలని తోచలేదు."

ఆమె డబ్బాలోంచి కాగితం తీసి ఇచ్చింది. "రక్తం తగ్గడానికి మందులున్నాయి, వాడినన్నాళ్లే పనిచేస్తాయి. గడ్డలకి రక్తం అందకుండా చేసే పద్ధతొకటుంది, పిల్లలు కావాలనుకునేవాళ్లకి మామూలుగా చెప్పరట. గర్భసంచి మొత్తం తీసేయడం చివరి దారి. నాకైతే, సంచి ఉంచి గడ్డలు మాత్రం తీసే ఆపరేషన్ మంచిదేమో అన్నారు. తర్వాత పిల్లలు పుడతారని మాత్రం గ్యారంటీ ఇవ్వలేరు."

"అంటే, గుడ్డ చిరగకుండా కుట్టు విప్పడమన్నమాట," అంది అత్తగారు. అని, పైటతో కళ్లు తుడుచుకుంది. "నా నోరు కుట్టెయ్యాల్సింది ముందు. టీ చల్లారిపోయింది, మళ్లీ పెడతానుండు తల్లీ."

ఆమె పసుపు చొక్కా అందుకుంది. "విప్పేస్తారా దీన్ని?"

"ఎందుకూ? ఆ కస్టమరు వస్తే వస్తాడు. రాకపోయినా నా షాపులో గుండీ ఉంటుంది." చొక్కాని మడిచి సొరుగులో పెట్టాడు. కాగితం మళ్లీ చదివాడు. అడుగున తేదీ, టైమూ వేసి చేత్తో రాసిన వాక్యం దగ్గర ఆగాడు. 'ఆపరేషన్ గురించి మాట్లాడాలి, భర్తతో రండి.' ఆ తేదీ రేపే.

"ఒక్కదానివే వెళ్దామనుకున్నావా?"

ఆమె తలూపింది. అప్పుడు ఏడుపొచ్చింది, వెక్కి వెక్కి.

మాస్టారు చెవి మీది సుద్దముక్క తీసుకుని వాకిట్లోకి నడిచి, ధరలు రాసే నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాశాడు: 'రేపు షాపు సెలవు.'

"ఎందుకని అడిగితే ఏం చెప్పనురా?" లోపల్నుంచి అత్తగారు కేకేసింది.

"ఉన్నదే చెప్పమ్మా. నా భార్యతో ఆస్పత్రికి వెళ్తున్నాను. రేపు పదింటికి, ఇద్దరం."