వణికే చేతికి పేలని తుపాకి

అప్పలస్వామి ట్రిగ్గర్ మళ్ళీ నొక్కాడు. తుపాకి ఉలకలేదు, పలకలేదు. దాని పైనున్న ఎర్ర దీపం మాత్రం వెలిగింది. వెనక వరుసలో ఎవరో జవాను కిసుక్కున నవ్వాడు. మంచు కొండ మీద అంత చలిలోనూ, ఆ తుపాకి పనితీరు చూడ్డానికి వచ్చిన డాక్టర్ వేమూరి శశిభూషణ్ గారికి చెవులు వేడెక్కాయి. ఆ తుపాకి ఆయన సృష్టే మరి.

దాని సంగతి కాస్త చెప్పుకోవాలి. అప్పటిదాకా సైన్యంలో ప్రతి జవానుకీ ఇచ్చే రైఫిల్ ఉందే, దానికి లేని జబ్బు లేదు. దుమ్ము పడితే బిగుసుకుపోయేది, మంచు తగిలితే మొరాయించేది, మోసేవాడి భుజాలు లాగేసేది. అన్నిటినీ మించి తూటాల దుబారా. బోలెడు కాలిస్తే ఒక్కటి తగలడం గగనం. శశిభూషణ్ గారు హైదరాబాద్ ల్యాబ్‌లో కూర్చుని దీనికో విరుగుడు కనిపెట్టారు. చేత్తో పట్టుకునే చోట ఒక సెన్సర్ పెట్టారు. అరచెయ్యి వణుకుతున్నంతసేపూ ఎర్ర దీపం వెలుగుతుంది, తూటా బయటికి రాదు. నిలకడగా ఉంటేనే పేలుతుంది. పేలిందా, తగిలిందన్నమాటే. ఏసీ హాల్లో ఛాంపియన్ షూటర్ల చేత కాల్పించి చూపిస్తే ఢిల్లీ పెద్దలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పాతవి అయిదు కొనే డబ్బుకి ఇది ఒక్కటే వస్తుందని ఎవరో గొణిగితే, మిగిలే తూటాల ఖరీదు చూపించి నోరు మూయించారు.

ఒక్కటి మరిచారు. సెన్సర్‌కి ఉత్త చెయ్యి కావాలి, గ్లవ్ పనికిరాదు. ఆ కొండ మీద గ్లవ్ తీస్తే వణకని చెయ్యంటూ ఉండదు.

మరి మిగతా జవాన్లు ఎలా కాల్చారంటారా? దానికి దారి అక్కడి మేజర్ కనిపెట్టాడు. సైన్యం ఇచ్చే రమ్ము ఒక పెగ్గు పడితే వణుకు కాసేపు ఆగుతుంది. పొద్దున్నే డ్యూటీకి ముందు అందరూ మగ్గులు పట్టుకుని వరసకట్టడం అలవాటైపోయింది.

అప్పలస్వామి ఒక్కడే ఆ వరసలో నిలబడడు. విజయనగరం వైపు మనిషి. అన్నయ్య తాగి తాగి పోయాక, కూతురి నెత్తిన చెయ్యిపెట్టి ఇక ముట్టనని ఒట్టేశాడు. తన వంతు సీసాలు సెలవు మీద వెళ్ళేవాళ్ళకి ఇచ్చేస్తాడు. ఇవాళ కాల్చలేకపోతే అతన్ని కిందికి పంపేస్తారు. కారణం భయమని రాస్తారు. ఆ ఎర్ర దీపానికి చలీ భయమూ ఒకటే.

మేజర్ శశిభూషణ్ గారిని పక్కకి పిలిచి, ఈ ఒక్కడి కోసం సెన్సర్ కాస్త వదులు చెయ్యొచ్చా అని మెల్లిగా అడిగాడు. చెయ్యొచ్చు. దాని తాళం ఆయన కోటు జేబులోనే ఉంది. కానీ సెన్సర్ వదులైతే ఇది పాత రైఫిలే. అయిదింతలు పోసి పాతదే కొన్నామా అని ఢిల్లీ నిలదీస్తుంది. కుదరదని చెప్పేశారాయన, బూట్ల వైపు చూస్తూ.

తెలుగాయన కదా అన్న చనువుతో అప్పలస్వామి దగ్గరికొచ్చాడు.

"తమరు వొచ్చిన కాణ్ణించి సూస్తన్నాను సార్. జేబుల్లోంచి సేతులు బయటికి తీయనేదు."

"నాకీ చలి అలవాటు లేదయ్యా."

"మాకూ నేదు బాబూ. పుట్టింది గజపతినగరం పక్కన." గొంతు తగ్గించాడు. "నాది బయం కాదని మేజర్ సాబుకి తమరొక్క మాట సెప్పండి. సాలు."

శశిభూషణ్ గారు జేబులో తాళం తడుముకుంటూ, "నీ సంగతి ఢిల్లీ వెళ్ళాక మాట్లాడతాను" అన్నారు.

అప్పలస్వామి ఆయన మొహంలోకి ఓసారి చూసి, వెళ్ళి మగ్గు తెచ్చుకున్నాడు. తోటివాళ్ళు ఈల వేయబోయి, అతని వాలకం చూసి మానేశారు. మగ్గు మూతిదాకా తీసుకెళ్ళి ఆగాడు.

"అటు తిరగండి సార్. మనోరు సూస్తంటే తాగనేను."

శశిభూషణ్ గారు తిరిగారు. వెనక దగ్గు వినిపించింది. ఆ తరవాత తూటాలు, ఒకదాని వెనక ఒకటి. అన్నీ గురి మధ్యలోనే. మేజర్ సంబరంగా వచ్చి, ఇకమీదట తుపాకితో పాటు రమ్ము కోటా కూడా పెంచమని రాద్దాం, తమరి సంతకం కూడా ఉంటే బాగుంటుందన్నాడు. శశిభూషణ్ గారు పెడతానన్నారు.

వెళ్ళబోతుంటే అప్పలస్వామి ఎదురొచ్చి సెల్యూట్ కొట్టాడు. ఆ చెయ్యి రాయిలా నిలిచింది. ఆయన తల ఎత్తలేకపోయారు.