ఎల్లస్వామి షెడ్డులో గిటారు

కొత్తవాడలో ఎల్లస్వామి మగ్గం షెడ్డు ఉన్న గల్లీలోకి చీకటి పడ్డాక ఆటోవాళ్లు రారు. అడిగితే రోడ్డు బాగాలేదంటారు. రోడ్డు బాగానే ఉంటుంది. బాగాలేనిది ఆ చప్పుడు.

తాళం వేసిన షెడ్డులోంచి — ధప్... ఒక్క క్షణం ఆగి... మళ్లీ ధప్. జంపఖానా నేసేటప్పుడు పోగును ఇనుప పళ్ల పంజాతో కొట్టి బిగించే చప్పుడు అది. చప్పుడుకంటే మధ్యలో ఆ ఆగడమే ఎక్కువ భయమనేవాళ్లు విన్నవాళ్లు. ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు ఉంటుందట.

పెద్ద జంపఖానా ఒక్కడి వల్ల కాదు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేయాలి. ఎల్లస్వామికి జోడి చంద్రమౌళి. ఇరవై ఏళ్లు మగ్గం ముందు ఒకే పలక మీద కూర్చున్నారు. ఒకరి పంజా పడ్డ వెంటనే ఇంకొకరిది పడేది. వాళ్లకొక పట్టింపు కూడా ఉండేది — కలిసి ఎక్కితే కలిసే దిగాలి. ఒకరికి దాహమేస్తే ఇద్దరూ దిగేవారు.

కిందటి దసరా ముందు చంద్రమౌళికి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. మగ్గం మీద జంపఖానా సగంలో ఉంది. ఎల్లస్వామి ఇంకో జోడిని కూర్చోబెట్టుకోలేదు. "మౌళి వస్తడు" అంటూ రెండు నెలలు ఒక్కడే కూర్చున్నాడు. ఒక పొద్దున ఆ పలక మీదే వాలిపోయి, ప్రాణం లేకుండా కనిపించాడు.

ఇదంతా చంద్రమౌళి కూతురు దీపకు తెలుసు. హనుమకొండలో ఒక ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం ఆమెది, దెయ్యాలంటే నవ్వేది. ఆమె దిగులంతా నాన్న చెయ్యి గురించే. వేళ్లు రోజూ ఆడించకపోతే ఆ చెయ్యి ఇంక లేవదని దవాఖానలో చెప్పేశారు. నొక్కమని ఇచ్చిన రబ్బరు బంతిని ఆయన మూలకు విసిరేశాడు. ఒకరోజు మాత్రం ఆమె ఫోనులో ఎవరో గిటారు వాయిస్తుంటే కళ్లార్పకుండా చూశాడు.

"గా తీగెలు... పడుగు పోగుల లెక్కనే ఉన్నయ్ బిడ్డా," అన్నాడు.

నెలల తర్వాత ఆయన ఒకదాన్ని ఆశగా చూడడం అదే మొదలు. ఆ మాట పట్టుకుంది దీప. కొత్తది కొనే స్తోమత లేదు. ఫోనులో పాత సామాన్లు అమ్మేచోట వెతికితే దగ్గర్లోనే ఒకటి కనిపించింది. తీరా వెళ్తే, అమ్మేవాడు ఎల్లస్వామి మనవడు పవన్.

పవన్ షెడ్డు తాళం తీసి గడప బయటే నిలబడిపోయాడు.

"లోపల గోడ మొలకు ఏలాడుతున్నది. నువ్వే పోయి తెచ్చుకో అక్కా."

"నువ్వు రావా తమ్మీ?"

పవన్ ఇంకో అడుగు వెనక్కి వేశాడు.

లోపల కరెంటు లేదు. దీప ఫోను లైటు వేసింది. మగ్గం మీద సగం జంపఖానా అలాగే ఉంది. ఒక అంచున మాత్రం నాలుగు వేళ్ల వెడల్పు పట్టీ కత్తిరించుకుపోయారు. నేతగాళ్లు కూర్చునే పలక మీద నాన్న వైపు దుమ్ము పేరుకుపోయింది. రెండో వైపు... దుమ్ము లేదు. ఇప్పుడే ఎవరో లేచి వెళ్లినట్టు నున్నగా ఉంది.

అటు చూడకుండా గిటారు దించింది. మెడను కంటి దగ్గర పెట్టుకుని చూసింది, వంకర లేదు. తీగలు మరీ ఎత్తుగా లేవు, నాన్న వేళ్లకు లొంగుతాయి. మరలు తిప్పితే జారడం లేదు. భుజానికి తగిలించుకునే పట్టీ ఒక్కటే వింతగా ఉంది — ఎర్ర నీలి జంపఖానా ముక్క. కింద సగం నేత. పైన జానెడు మేర ఇంకా పేక పడని ఉత్త పడుగు పోగులే. వాటిని గిటారు తలకు బిగించి కట్టారు.

"తాత నేసిండు కదా... మంచిగుంటదని నేనే కోసిన," అన్నాడు పవన్. "గప్పటిసంది..."

దీప బేరం మొదలుపెట్టకముందే ధర సగానికి దించాడు.

"పొద్దు గూకకముందే తీస్కపో అక్కా."

అమ్మేవాడే ధర తగ్గిస్తుంటే అనుమానపడాలి. కాని చౌకగా వస్తుంటే ఎవరం ఆగుతాం చెప్పండి. దీప కూడా ఆగలేదు.

ఇంట్లో తండ్రీకూతుళ్లిద్దరే ఉన్నారు. తల్లి నర్సంపేటలో తమ్ముడింటికి వెళ్లింది. చంద్రమౌళి పట్టీని కుడిచేత్తో తడిమాడు. వెంటనే ముఖం మారిపోయింది.

"ఇది మా ఇద్దరి నేత. నడుమల్నే కోసిన్రా..."

"తీసి పారెయ్యాల్నా నాయినా?"

"వద్దు బిడ్డా. ఎల్లన్న ఊకోడు."

చనిపోయిన మనిషి గురించి అలా ఎందుకన్నాడో దీప ఆలోచించలేదు. గిటారును ఆయన మంచం మీద పెట్టి, వెళ్లి పడుకుంది.

నడిరాత్రి మెలకువ వచ్చింది. నాన్న గదిలోంచి — ధప్... ఒక్క క్షణం ఆగి... ధప్. చెక్క మీద అరచేత్తో కొట్టినట్టు. కొట్టిన ప్రతిసారీ ఆరు తీగలూ సన్నగా మూలుగుతున్నాయి. నాన్నే కుడిచేత్తో కొడుతున్నాడనుకుంది. వెళ్లి చూసింది. ఆయన గోడవైపు తిరిగి, కుడిచెయ్యి తలకింద పెట్టుకుని గురకపెడుతున్నాడు. పక్కన తీగలు ఇంకా వణుకుతున్నాయి.

తెల్లారగానే తిరిగి ఇచ్చేద్దామని గిటారు మీద చెయ్యి వేసింది. అప్పుడు కనిపించింది — నాన్న ఎడమ చూపుడువేలు ఒక తీగ మీద ఆనింది. మెల్లగా... నొక్కింది. దీపకు ఏడుపు ఆగలేదు. ఇచ్చేసే మాట మళ్లీ ఎత్తలేదు.

మధ్యాహ్నం పవన్ ఫోన్ చేశాడు.

"అక్కా, గిటారు మంచిగున్నదా?... షెడ్డుల చప్పుడు బందైంది."

రెండో రాత్రి దీప చెవుల మీద దిండు పెట్టుకుని పడుకుంది. భయమే, కాని ఆ వేలు కదిలింది కదా అనుకుంటూ తెల్లవార్లూ ఓర్చుకుంది.

మూడో రాత్రి చప్పుడు మారింది. ధప్ ధప్. ధప్ ధప్. మధ్యలో ఆగడం లేదు.

దీప పరుగున వెళ్లింది. చంద్రమౌళి మంచం మీద లేచి కూర్చున్నాడు. గిటారు ఒళ్లో ఉంది. ఆయన కింద పరిచిన జంపఖానా ఒక మూల పోగు ఊడివచ్చింది. ఆ పోగే ఆయన ఎడమచేతి వేళ్లలో ఉంది. ఐదు వేళ్లూ పట్టీ పడుగులో దూరి బయటికొస్తున్నాయి. ఆ అరచెయ్యే చెక్క మీద పడుతోంది. దాని వెంటే ఇంకో దెబ్బ వినిపిస్తోంది.

ఆమెకు భయం సంగతే గుర్తులేదు. ఆయన పక్కన కూలబడింది.

"నాయినా... నీ చెయ్యి..."

"జర అటు జరుగు బిడ్డా," అన్నాడాయన తలెత్తకుండా, గుసగుసగా. "ఎల్లన్న కూసున్నడు."

దీప లేచి నిలబడింది. ఆమె లేచాక కూడా ఆ చోట పరుపు అణిగే ఉంది.

పట్టీ వైపు చూసింది. జానెడు ఉండాల్సిన ఉత్త పడుగు రెండు వేళ్ల మేరే మిగిలింది.

"ఆపు నాయినా. ఇగ చాలు."

ఆయన నవ్వాడు. చెయ్యి పడిపోయాక అదే మొదటి నవ్వు.

"ఆపుడెందుకు? గీ కొంచెం అయితే... ఇద్దరం కలిసే దిగుతం."

ఎల్లస్వామి ఆ పలక మీంచి ఎలా దిగాడో దీపకు గుర్తొచ్చింది. ఆయన ఎడమచేతిని తన రెండు చేతులతో పట్టుకుని గుండెకు అదుముకుంది. ఆ వేళ్లు వెచ్చగా ఉన్నాయి, కదులుతున్నాయి. ఇంక వదలదలచుకోలేదు.

గిటారు మీద ఇప్పుడు ఎవరి చెయ్యీ లేదు.

ధప్... ఒక్క క్షణం ఆగి... ధప్.