పై శ్రుతిలో మెర్సీ

1998లో ఒక శనివారం రావులపాలెం పెళ్లిలో తన రాక్ బ్యాండుతో హోరెత్తించి వచ్చిన శాంతికుమార్, ఆదివారం పొద్దున్నే పాలకొల్లు చర్చిలో కీబోర్డు ముందు నిలబడ్డాడు. పెళ్లిలో గాయకుడి కోసం పెంచిన శ్రుతిని తగ్గించడం మరిచాడు. కీర్తన రెండో చరణానికి కాయిర్ మొత్తం చేతులెత్తేసింది. ఒక్క అమ్మాయి మాత్రం తొణక్కుండా చివరిదాకా పాడి, ఆరాధన అయ్యాక తిన్నగా అతని దగ్గరకొచ్చింది.

"ఏంటండీ ఆ వాయింపు? కాయిర్ నడిపే మా అమ్మకి గొంతు పట్టేసింది."

"మీరు అందుకున్నారుగా మెర్సీ గారూ."

"అందుకోక? మధ్యలో ఆపితే పరువేం కాను?"

పాపం, శాంతికుమార్ ఆ గొంతుకి అక్కడికక్కడే పడిపోయాడు. తనే రాసి, బాణీ కట్టి, రికార్డు చేస్తున్న తొలి రాక్ క్యాసెట్‌కి గొంతు దొరక్క తిరుగుతున్నాడు మరి. ఆ వారమే పాడమని అడిగాడు. మెర్సీ తల్లి సంపూర్ణమ్మ టీచరు "డబ్బాలు కొట్టినట్టుంటుంది ఆ సంగీతం" అంటూనే రికార్డింగులకి తోడొచ్చింది.

అంతా అయిందనగా క్యాసెట్ కంపెనీ ఆయన పేచీ పెట్టాడు. పాటలు అదిరాయట, గొంతు మాత్రం పేరున్నవాళ్లది కావాలట.

"నన్ను తీసేయండి," అంది మెర్సీ, కిటికీ బయట వానను చూస్తూ. "ఇన్నేళ్ల కష్టమండి మీది."

"మీ గొంతు తీసేస్తే ఆ పాటలతో నాకేం పనండి? రాజమండ్రి కాలేజీ ప్రోగ్రాంకి ఆయన్ని పిలిచాను. జనం మధ్య విని, అప్పుడు చెప్పమన్నాను."

ప్రోగ్రాం నాటి సాయంత్రం మెర్సీ మొదటి పాటకే కుర్రకారు కుర్చీలెక్కింది. వాన మొదలైనా ఒక్కరూ కదల్లేదు. కంపెనీ ఆయన నెత్తిన కర్చీఫ్ వేసుకుని మరీ పల్లవి అందుకున్నాడు.

ప్రోగ్రాం అవ్వగానే ఆయన స్టేజీ వెనక్కొచ్చాడు. "ఈ అమ్మాయి గొంతే ఉంచుదామండి. అట్ట మీద పేరు వేయాలి. ఇంటిపేరేంటమ్మా?"

మెర్సీ కంటే ముందు శాంతికుమార్ నోరు తెరిచాడు. "సంపూర్ణమ్మ గారూ, మా ఇంటిపేరు వేయించొచ్చాండి? మెర్సీ గారంటే నాకు ప్రాణమండి. ఆవిడకి ఇష్టమైతేనే."

తల్లి కూతురి వైపు చూసింది.

"వేయించమనమ్మా," అంది మెర్సీ.

"అయితే వచ్చే ఆదివారమే చర్చిలో పెళ్లి ప్రకటన చదివిద్దాం," అంది సంపూర్ణమ్మ. " వాయించడానికి మాత్రం ఇంకెవర్నైనా చూడాలి. పెళ్లికొడుకు తన పెళ్లికి తనే వాయించుకుంటాడా ఏంటి?"

"నా పెళ్లికి ఇంకొకరు వాయిస్తే ఊరుకుంటానాండి?"

పెళ్లినాటికి ఆ క్యాసెట్ మండపేట లారీల్లో కూడా మోగుతోంది. చర్చిలో పెళ్లికొడుకు కోటు వేసుకుని కీబోర్డు అందుకున్నాడు. పెళ్లికూతురు పాడుతూ నడిచొచ్చింది.