పదిహేనో తారీఖు ఆంటీ

"ఎక్స్‌క్యూజ్ మీ, ఆంటీ! ఈ స్కూటర్ మీ బాబుదేనా? నా కార్‌కి అడ్డం ఉంది."

ఆమె వెనక్కి తిరిగింది. పాతికేళ్ళు దాటి ఎంతో కాలం అయినట్టు లేదు. నుదుటి మీద పడిన జుట్టు వెనక్కి తోసుకుని, కౌస్తుభ్‌ని ఎగాదిగా చూసింది.

"సారీ అండీ, తీసేస్తా. మోకాళ్ళ నొప్పులు కదా, వంగడానికి కాస్త టైమ్ పడుతుంది... అంకుల్!"

కాలితో తోసే ఆ బుల్లి స్కూటర్ ఒక చేత్తో, నాలుగేళ్ళ పిల్లాణ్ణి మరో చేత్తో పట్టుకుని విసవిసా వెళ్ళిపోయింది. సరిగ్గా అప్పుడే వాన మొదలైంది. కౌస్తుభ్ తలుపు తీసిన కారు పక్కనే నిలబడి తడిశాడు.

ఆంటీ అన్న ఈ తప్పులో సగం ప్రభుత్వానిది. కరోనా వచ్చిన రెండో ఏడాది జూలై నుంచి, పిల్లలున్న ఇళ్ళకి నెల నెలా పదిహేనో తారీఖున బ్యాంకులో డబ్బు వేయడం మొదలుపెట్టారు. ఆరేళ్ళలోపు పిల్లలైతే మూడు వందల డాలర్లు. వాళ్ళుండే మోరిస్‌విల్ ఊళ్ళో ఆ రోజు ఇద్దరు తెలుగువాళ్ళు ఎదురుపడితే "బాగున్నారా" అనడం మానేసి "పడిందా?" అనుకున్నారు.

రేపల్లె నుంచి మనవడు కౌస్తుభ్ దగ్గరికి వచ్చిన కోటమ్మ కూడా, ఆ పొద్దునే పక్క ఫ్లాట్‌లో కొత్తగా దిగిన ఆ అమ్మాయిని అదే అడిగింది. "మా విహాన్‌కి పడిందండీ" అంది రేణు.

"మన అమ్మ ఒడి లాంటిదేరా" అని కోటమ్మ మనవడికి విడమరిచి చెప్పింది. "పిల్లాడి తల్లి ఖాతాలో వేస్తారు."

కౌస్తుభ్ పుట్టి పెరిగింది ఈ దేశంలోనే, కాపెల్‌లో. తెలుగావిడ అయి, పక్కన పిల్లాడు ఉంటే ఆంటీ అనాలి. చిన్నప్పుడు ఇంట్లో నేర్పిన మర్యాద అది. ముఖం చూడకుండానే ఆ మర్యాద కాస్తా నోట్లోంచి జారిపోయింది.

ఆ తర్వాత నుంచి కోటమ్మ వండిన గోంగూర పప్పు పక్క ఫ్లాట్‌కి వెళ్ళడం, డబ్బా మోసేది కౌస్తుభ్ కావడం రివాజైంది.

"రండి అంకుల్. లిఫ్ట్‌లో వచ్చారా, మెట్లెక్కగలిగారా?"

"ఎక్కా, ఆంటీ. మీకు షుగర్ ఉందేమో అని స్వీట్ తేలేదు."

"రేణూ, అంకుల్ ఫన్నీ!" అని విహాన్ కిందపడి నవ్వేవాడు. ఈ దేశంలో పుట్టిన పిల్లలు తల్లిని పేరు పెట్టి పిలిచినా పిలుస్తారని కౌస్తుభ్ సరిపెట్టుకున్నాడు. వాడికి స్కూటర్ మీద బ్యాలెన్స్ నేర్పే వంకతో సాయంత్రాలన్నీ పార్కింగ్ లాట్‌లోనే గడిపాడు. రేణు మెట్ల మీద కూర్చుని నవ్వుతుంటే, నేర్చుకుంటున్న పిల్లాడు నిలదొక్కుకున్నాడు గాని, నేర్పేవాడు రెండుసార్లు పడ్డాడు.

ఒకరోజు ఉండబట్టలేక, "నాన్నమ్మా, వాళ్ళ హజ్బెండ్ ఎక్కడ ఉంటాడు?" అని అడిగాడు.

"మొగుడు లేడురా."

"అయ్యో! పాపం కదా?"

"పాపమేముంది? హాయిగా ఉంది పిల్ల." కోటమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ తలెత్తలేదు.

ఆగస్టులో పదిహేనో తారీఖు ఆదివారమైంది. అందుకని డబ్బు పదమూడునే పడింది. ఆ సాయంత్రమే కోటమ్మ కబురు మోసుకొచ్చింది.

"రేణు ఈ నెలాఖరుకి వెళ్ళిపోతోందట. ట్రాయ్ అనే ఊళ్ళో ఆఫీస్‌కి ట్రాన్స్‌ఫర్ అడిగి చేయించుకుందట."

కౌస్తుభ్ చేతిలో ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేశాడు. అందులో వేలితో గీతలు గీశాడు.

"నాన్నమ్మా, నాకు రేణు అంటే ఇష్టం. నీకు కోపం వస్తుంది, తెలుసు. డాడీ కూడా అరుస్తాడు. బాబు ఉన్నా నాకు ప్రాబ్లమ్ లేదు."

తిట్టు కోసం కళ్ళు మూసుకున్నాడు. కోటమ్మ మజ్జిగ పోసింది.

"నాకు చెప్తావేంట్రా? అడగనిదే అమ్మైనా పెట్టదు. పో, ఆ పిల్లని అడుగు."

బయట జల్లు పడుతోంది. రేణు గొడుగు పట్టుకుని, విహాన్ బురదగుంటల్లో గెంతుతుంటే కాపలా కాస్తోంది.

"ఏంటి అంకుల్, జలుబు చేస్తుంది."

"రేణు..." ఆంటీ అననందుకు ఆమె ఉలిక్కిపడింది. "నాకు తెలుగులో స్పీచ్ రాదు. ఐ లవ్ యూ. విహాన్‌తో కలిపి. మీరు ఓకే అంటే, వాడికి నేను డాడీలాగా ఉంటా. ట్రాయ్‌కి వెళ్ళకండి. వెళ్తే నేనూ జాబ్ చూసుకుంటా అక్కడ."

రేణు నోరు తెరిచి చూసింది. తర్వాత నవ్వు మొదలుపెట్టింది. గొడుగు పక్కకి ఒరిగిపోయి ఇద్దరూ తడిసిపోతున్నా ఆపలేదు.

"వాడికి డాడీ ఉన్నాడు మహానుభావా! మా బావ. వీడు మా అక్క కొడుకు. వీసా స్టాంపింగ్‌కని వీణ్ణి మూడు వారాలకి నా దగ్గర వదిలి ఇండియా వెళ్ళారు. కరోనా వచ్చి కాన్సులేట్ మూసేశారు. ఏడాది దాటి అక్కడే ఇరుక్కుపోయారు. ఇప్పుడు వస్తున్నారు, ట్రాయ్‌లో వాళ్ళింటికి. వీణ్ణి వదిలి ఉండలేక నేనూ అక్కడికే ట్రాన్స్‌ఫర్ అడిగా."

"మరి ఆ మనీ? అమ్మ అకౌంట్‌లోనే కదా వేసేది?"

"ఎవరు చెప్పారు? పిల్లాడు ఎవరి దగ్గర పెరుగుతుంటే వాళ్ళకి వేస్తారు."

నవ్వు ఆగింది. ఆమె కళ్ళలో నీళ్ళు వాన నీళ్ళు కావని కౌస్తుభ్‌కి తెలిసింది.

"మూడు సంబంధాలొచ్చాయి తెలుసా? ముగ్గురూ వీణ్ణి చూసి 'ఎన్నాళ్ళుంటాడు?' అనే అడిగారు. వాడితో కలిపి కావాలన్నది నువ్వొక్కడివే." ముక్కు తుడుచుకుంది. "ఇప్పుడు వాడు రాడు. నేనొక్కదాన్నే వస్తా. పర్లేదా?"

"డిసప్పాయింట్‌మెంటే. అడ్జస్ట్ అవుతా" అన్నాడు కౌస్తుభ్. గొడుగుతో వీపు మీద ఒక్కటి పడింది.

పైన బాల్కనీలో గాజులు గలగలలాడాయి. కోటమ్మ రెయిలింగ్ పట్టుకుని వంగి చూస్తోంది.

"నాన్నమ్మా! నీకు ముందే తెలుసా?"

"మొదటి రోజే తెలుసు. నోరుంది కదా, అడిగా. నువ్వెప్పుడు అడుగుతావా అని చూస్తూ కూర్చున్నా" అంది కోటమ్మ. "మీ డాడీ సంగతి నాకొదిలెయ్. అమ్మాయ్, ఆ డబ్బులు ఎప్పటిదాకా ఇస్తారన్నావ్?"

"డిసెంబర్ దాకా బామ్మగారూ."

కోటమ్మ వేళ్ళు ముడుస్తూ తొమ్మిది నెలలు లెక్క వేసింది. మళ్ళీ వేసింది. పెద్ద నిట్టూర్పు విడిచింది.

"ప్చ్! రేపు తెల్లారి ముహూర్తం పెట్టినా అందదర్రా!"