రెండు నెట్‌వర్క్ కార్డులు, ఒక పిప్పిపన్ను

"మీరు వచ్చినప్పుడు అది బాగానే ఉంటుంది. మీరు మెట్లు దిగాక మొరాయిస్తుంది," అంది పళ్ళ డాక్టరమ్మ చేతులు కట్టుకుని.

"బాగానే ఉందిగా మేడమ్. రికార్డులన్నీ టకటకా ఓపెన్ అవుతున్నాయి," అన్నాడు కంప్యూటర్ ఇంజనీరు. ఆ మాట కూడా కుడి బుగ్గ కదలకుండా, ఎడమ పక్క నుంచే అన్నాడు.

వారంలో ఇది నాలుగోసారి. పేషెంట్ల వివరాలన్నీ ముందు గదిలోని సర్వర్‌లో, డేటాబేస్‌లో ఉంటాయి. కుర్చీ పక్కనున్న కంప్యూటర్ వాటిని తెచ్చి చూపించాలి. అది రోజూ పదింటికల్లా 'కనెక్షన్ దొరకలేదు' అని చేతులెత్తేస్తుంది. ఇంజనీరు రెండింటికి వస్తాడు. అప్పటికి ఏమీ ఎరగని నంగనాచిలా పనిచేస్తూ ఉంటుంది. పాస్‌వర్డ్ మార్చాడు, కేబుల్ మార్చాడు, ప్రోగ్రాం తీసి మళ్ళీ ఎక్కించాడు. మర్నాడు పదింటికి మళ్ళీ మామూలే.

అతను రెండింటికే ఎందుకొస్తాడో ఎవరికీ తెలియదు. ఆ వేళ పేషెంట్లు ఉండరు, డ్రిల్లు గుయ్‌మనదు. ఆరడుగుల మనిషికి పళ్ళ కుర్చీ అంటే చచ్చేంత భయం. మూడు నెలలుగా పన్ను సలుపుతుంటే మాత్రలు మింగుతూ నెట్టుకొస్తున్నాడు. అయినా ఈ మెట్లెక్కుతున్నాడంటే అది డాక్టరమ్మ కోసమే. ఆమె కోపంగా కళ్ళజోడు పైకి తోసుకుంటే చాలు, అతను తన పాస్‌వర్డ్ కూడా మరిచిపోతాడు.

డాక్టరమ్మ మేనత్త తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. క్లినిక్ ఆవిడదే. ముందు గదిలో కూర్చుని అపాయింట్‌మెంట్లు కూడా ఆవిడే చూస్తుంది.

"బాబూ, సాయంత్రం లోపు తేల్చెయ్. లేదంటే రేపు వేరే కంపెనీ వాళ్ళని పిలుస్తా. నీ తిరుగుడు నీకు తప్పుతుంది, మా తలనొప్పి మాకు తప్పుతుంది."

ఇంజనీరు ఉలిక్కిపడ్డాడు. రేపట్నుంచి ఇక్కడ తనకేం పని? ఆమెకి చెప్పాలనుకున్నదాంట్లో ఒక్క ముక్కైనా చెప్పనే లేదు. కంగారులో పళ్ళు గట్టిగా నొక్కాడు. కళ్ళ ముందు చుక్కలు కనిపించాయి.

"కూర్చోండి," అంది డాక్టరమ్మ, అతని కుడి బుగ్గ చూసి పళ్ళ కుర్చీ వైపు వేలు చూపిస్తూ.

"ముందు గదిలో సర్వర్ చూడాలండీ."

"సర్వర్ ఎక్కడికీ పారిపోదు. పారిపోయేది మీరే. కూర్చోండి. ఏ పన్ను?"

"కింద, వెనకది."

ఆమె చిన్న పరికరంతో ఒక్కో పన్నునీ మెల్లగా తట్టింది. కిందివన్నీ ఊరుకున్నాయి. పైదాన్ని తాకగానే ఇంజనీరు కుర్చీలోంచి జానెడు లేచాడు.

"కిందిది ఏ పాపమూ ఎరగదు. నొప్పి ఒకచోట, జబ్బు ఇంకోచోట. ఎక్స్‌రే తీద్దాం."

అతని పేరుతో రికార్డు తెరిచింది. ఎక్స్‌రే మెషిన్ ఆన్ చేసి, అతని నోట్లో ఫొటో పట్టే చిన్న పలకని ఇరికించింది. కంప్యూటర్ వైపు తిరిగి నిట్టూర్చింది.

"చూశారా? కనెక్షన్ దొరకలేదట. రోజూ ఇదే."

ఇంజనీరు కళ్ళు పెద్దవయ్యాయి. "ఆఁ... ఊఁ..." అంటూ మెషిన్ వైపు, కంప్యూటర్ వైపు చేతులు ఊపాడు.

"భయపడకండి, నొప్పుండదు," అని ఆమె అతని చేయి పట్టుకుంది.

పాపం, రెండు నిమిషాలపాటు అతనికి డేటాబేస్ సంగతే గుర్తులేదు.

పలక తీయగానే అన్నాడు. "మేడమ్, ఎక్స్‌రే ఆపండి."

ఆపింది. రికార్డు వచ్చింది. ఆన్ చేసింది. పోయింది. మళ్ళీ ఆపింది, మళ్ళీ వచ్చింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా స్విచ్చుతో ఆడుకున్నారు.

"ఇది ఎప్పుడు ఆన్ చేస్తారు?"

"పొద్దున పదింటికి. భోజనం వేళకి ఆపేస్తాం. మీరేమో సరిగ్గా అప్పుడే దిగుతారు. అసలెందుకండీ?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "డ్రిల్లు చప్పుడు వినలేక."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. అతను ఆ నవ్వు ఇంకా వినాలని ఉన్నా వివరణలోకి దిగాడు.

"ఈ కంప్యూటర్‌లో రెండు నెట్‌వర్క్ కార్డులున్నాయి. ఒకటి సర్వర్ వైపు, ఇంకోటి ఎక్స్‌రే వైపు. పోయినవారం మెషిన్ బాగుచేసినవాళ్ళు రెంటికీ ఒకే వరసలో అడ్రస్‌లు ఇచ్చిపోయారు. మెషిన్ ఆన్ అవగానే మన ప్రోగ్రాం సర్వర్‌ని వెతుక్కుంటూ ఎక్స్‌రే దగ్గరికెళ్తోంది."

"అక్కడ సర్వర్ ఎక్కడుంటుంది?"

"ఉండదు. నేను వారమంతా కింది పన్నునే తడుముతూ కూర్చున్నా."

ఎక్స్‌రే వైపు అడ్రస్‌లు వేరే వరసకి మార్చడానికి పావుగంట పట్టింది. మెషిన్ ఆన్‌లోనే ఉంది, రికార్డులూ వస్తున్నాయి. అతను లేవబోయాడు.

"మీ పని అయింది, నా పని కాలేదు," అని ఆమె ఇంజెక్షన్ తీసింది. కళ్ళు గట్టిగా మూసుకుని పొడిపించుకున్నాడు.

నోరు మొద్దుబారుతుండగా అతనికి దిగులు పట్టుకుంది. కంప్యూటర్ బాగైంది. పన్నూ బాగవబోతోంది. ఇక ఏ వంకతో వస్తాడు? ఇప్పుడే చెప్పెయ్యాలి. నోరు తెరిస్తే మాటకి బదులు చొంగ వచ్చింది.

"మాట్లాడకండి. ఏమైనా ఉంటే టైప్ చేయండి," అంటూ ఆమె కీబోర్డు అతని ఒళ్ళో పెట్టింది.

తెరమీద అతని రికార్డే ఉంది. 'రోగి బాధ' అన్నచోట ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు.

"రేపట్నుంచి ఇక్కడికి రావడానికి నాకు ఏ వంకా లేదు. వంక లేకుండా రావచ్చా? మీరంటే నాకు చాలా ఇష్టం."

రాసి, చేతికున్న అలవాటు కొద్దీ సేవ్ నొక్కేశాడు.

ఆమె చదివింది. మళ్ళీ చదివింది. బుగ్గలు వెచ్చగా అయ్యాయి. దూది ఉండలు లెక్కపెట్టసాగింది.

అంతలో ముందు గదిలోంచి మేనత్త గొంతు వినిపించింది. "అమ్మాయ్, కనెక్షన్ బ్రహ్మాండంగా ఉందే. అబ్బాయి రికార్డు నా తెరమీద కూడా వచ్చింది. బాధేమిటో చదివాను. చికిత్స ఏంటో తొందరగా రాయి."

ఇంజనీరుకి కుర్చీతో సహా భూమిలోకి దిగిపోవాలనిపించింది. డాక్టరమ్మ కీబోర్డు లాక్కుని, 'చికిత్స' అన్నచోట రాసింది.

"ఆదివారం సాయంత్రం ఆరింటికి రావాలి. క్లినిక్‌కి కాదు, ఇంటికి. నాకూ ఇష్టమే."

తనే సేవ్ నొక్కింది.

"ఆరింటికి వద్దు, అయిదింటికే రమ్మను," అంది మేనత్త ముందు గదిలోంచి. "నేను కూడా నాలుగు మాటలు మాట్లాడాలి."

అతను సగం నోటితో ఏదో అన్నాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, డాక్టరమ్మ అతని చేయి మళ్ళీ పట్టుకుంది.