ఎన్ని రాళ్లు పెట్టాను

ముందూ వెనకా తారుమారైతే చదివేవాళ్లు సర్దుకోవాలి. ఈమధ్య పొయ్యి మీద పాలు పెట్టి పెరట్లోకి వెళ్లిపోతున్నాను. అందుకే గుర్తున్నంత వరకూ గుర్తున్నట్టే రాసేస్తున్నాను.

మొన్న కార్తీకంలో అన్నవరంలో వ్రతం చేయించుకుని నేనూ, నా మనవరాలు సత్యశ్రీ ఆత్రేయపురం తిరిగొస్తున్నాం. కారు తనే నడుపుతోంది. వాన రాజమండ్రికి ముందే పట్టుకుందో, బ్యారేజీ దాటాకో చెప్పలేను. బొబ్బర్లంక దగ్గర కాలవ గట్టు రోడ్డు ఎక్కేసరికి మాత్రం సాయంత్రం నాలుగింటికే చీకటి కమ్మేసింది.

"కాస్త తొందరగా పోనీవే. నడిచేవాళ్లు కూడా మనల్ని దాటేసేలా ఉన్నారు," అన్నాను.

"దాటనీ మామ్మా. తడి రోడ్డు మీద వేగంగా వెళ్తే బ్రేకు మన మాట వినదు. నువ్వు ప్రసాదం తిను. నోరు ఖాళీగా ఉంటే నన్ను తొందరపెడతావు."

నవ్వాను. వెంటనే నవ్వినందుకు సిగ్గేసింది. అది అంత జాగ్రత్తగా నడపడానికి కారణం వాళ్ల నాన్న, నా కొడుకు లోకనాథ్. మూడేళ్ల కిందట ఇదే గట్టు మీద, ఇలాంటి వానలోనే, బైకు జారి చనిపోయాడు. జారిందనే ఊరంతా అనుకుంటోంది. సత్యశ్రీ కూడా.

ఆ రోజు మా వడ్లు రోడ్డు మీద ఆరబోశాం. మా వైపు అందరూ అంతే, సగం రోడ్డు వడ్లకి, సగం బళ్లకి. చక్రాలు ఎక్కకుండా వడ్ల అంచున రాళ్లు వరసగా పెడతాం. పెట్టింది నేనే. మబ్బు చూసి లోకనాథ్‌కి ఫోను చేశాను, "వడ్ల మీద కప్పడానికి బరకం పట్టుకుని పరిగెత్తుకు రారా" అని. ఈలోగా చినుకులు మొదలయ్యాయి. నేనూ, కూలికొచ్చిన నూకరత్నం కలిసి వడ్లు గబగబా పోగుచేసి పక్క షెడ్డులోకి చేర్చేశాం.

రాళ్లు తియ్యడం మర్చిపోయాను.

వడ్లు ఉన్నంతసేపే ఆ రాళ్లు కంటికి ఆనుతాయి. వడ్లు తీసేశాక, తడిసిన తారు మీద నల్లరాయి ఎవరికి కనిపిస్తుంది? వాడు వేగంగానే వచ్చాడు. పరిగెత్తుకు రమ్మన్నాను కదా...

అంబులెన్సు వచ్చేలోపు రాళ్లన్నీ కాలవలోకి తోసేశాను. నూకరత్నం చూసింది, నోరు మెదపలేదు. నేనూ ఇవాళ్టిదాకా ఎవరికీ చెప్పలేదు.

కారు ఆ చోటుకి దగ్గరపడుతుండగా తడిసిన వడ్ల వాసన వచ్చింది. మొలకెత్తబోయే ముందు వచ్చే ముక్కవాసన. అద్దాలన్నీ మూసే ఉన్నాయి.

"ఎవరో ఉన్నారు మామ్మా," అంది సత్యశ్రీ. మెల్లిగా బ్రేకు తొక్కి, కుదుపు లేకుండా ఆపింది.

లైట్ల వెలుగులో ఒక మనిషి. నెత్తిన నీలం బరకం. రోడ్డు మీద వంగి చేత్తో తడుముతున్నాడు. ఒక అడుగు వేసి, మళ్లీ తడుముతున్నాడు. బరకం మూలన చిరుగుకి ఎర్రగుడ్డ అతుకు. అది నేను కుట్టిందే.

"ఏవండీ, ముందు రోడ్డు బాగానే ఉందాండి?" నా వైపు అద్దం దించి అడిగింది పిల్ల.

వచ్చాడు. అంత నీళ్లలోనూ అడుగు చప్పుడు లేదు. ముఖం బరకం కిందే ఉండిపోయింది. చేతులు మాత్రం కనిపించాయి. నీళ్లలో నాని, తెల్లబడి...

"అమ్మా," అన్నాడు గుసగుసగా. "ఎన్ని పెట్టావు?"

దించిన అద్దం అంచు పట్టుకున్నాను.

"మళ్లీ ఎవరైనా పడతారమ్మా. ఎన్నో చెప్పు. అన్నీ తీసేసి వెళ్లిపోతాను."

వాడికి మొదటి పన్ను ఊడిన రోజు గుర్తుంది. వాడు పుట్టినప్పుడు పడ్డ వాన గుర్తుంది. రాళ్లెన్నో గుర్తు రాలేదు. ఎంత తడుముకున్నా రాలేదు.

"పన్నెండు," అన్నాను.

తలూపాడు. కూతురి వైపు అరచెయ్యి చాపి, మెల్లిగా, మెల్లిగా అన్నట్టు కిందకి ఊపాడు. వంగుతూ వంగుతూ వానలో కలిసిపోయాడు.

"ఏమన్నారు మామ్మా? వాన హోరులో నాకేం వినపడలేదు."

"మెల్లిగా వెళ్లమన్నాడే."

"చూశావా, ఆయనక్కూడా తెలుసు," అంది. మిగిలిన దారంతా ఇంకా మెల్లిగా నడిపింది. నేను ప్రసాదం పొట్లం గుప్పిట్లో నలిపేసుకుంటూ కూర్చున్నాను.

తెల్లారి తలుపు తీస్తే మెట్టు పక్కన రాళ్లు. వరసగా, వడ్లకి అంచు కట్టినట్టే. కాలవ నాచు పట్టి, నీళ్లోడుతూ. మూడుసార్లు లెక్కపెట్టాను. పదకొండు. చివర ఇంకొక్క రాయి పట్టేంత జాగా వదిలి ఉంది.

"ఇవెందుకు మామ్మా?" అని అడిగింది సత్యశ్రీ.

"పూలమొక్కల చుట్టూ పెడదామని," అన్నాను.

తర్వాత నాలుగు వానలు పడ్డాయి. వాన వెలిసిన ప్రతిసారీ ఆ ఖాళీ జాగాలో వేళ్లతో మట్టి కెలికిన గుర్తులు. రాయి మాత్రం రాలేదు.

సత్యశ్రీ, ఇది చదివి నన్ను తిట్టుకో, పరవాలేదు. పేర్లు మాత్రం ఒకసారి సరిచూడమ్మా. ఆ కూలికొచ్చినావిడ నూకరత్నమేనా? పెద్దాపురంలో కూతురి దగ్గర ఉంటోందట. మెల్లిగా నడుపుకుంటూ వెళ్లి అడుగు, ఆ రోజు రాళ్లు పన్నెండా, పదకొండా అని. నేను తప్పు చెప్పి ఉంటే, లేని రాయి కోసం వాడు...

మళ్లీ చినుకులు మొదలయ్యాయి. మెట్టు దగ్గర ఎవరో నేల తడుముతున్నారు.