తుపాకీ ఎవరి కోసం?

వెర్లీన్ పెనం మీద గుడ్లు వేస్తుండగా తమ్ముడి ట్రక్కు వాకిట్లో ఆగింది. డాయిల్ రోజూ అక్క ఇంట్లో ఇంత తిని గాని పొలానికి వెళ్ళడు. ఆ పొద్దు మాత్రం పొలం చూసుకునే వచ్చాడు. మట్టి బూట్లు మెట్ల దగ్గర విడిచి, వంటింట్లో కుర్చీలో కూలబడ్డాడు.

"మళ్ళీ వచ్చాయక్కా. వాగు పక్క చెక్కంతా నాగలి పెట్టి దున్నినట్టు చేసి పోయాయి."

అడవిపందుల గోల అది. టెక్సస్‌లో వేరుశనగ వేసినవాళ్ళందరికీ ఉన్న బాధే. మందలుగా వస్తాయి, సాళ్ళ వెంటే ముట్టెలతో తవ్వుకుంటూ చేను ఊడ్చేస్తాయి.

"బోను పెట్టమని మొత్తుకుంటూనే ఉన్నా," అన్నాడు వెర్లీన్ భర్త ఓడెల్, పళ్ళెంలోంచి తల ఎత్తకుండా.

"నీ బోను దాకా అవి వచ్చేసరికి నా చేనులో గడ్డి కూడా మిగలదు బావా."

"గడ్డి మిగిలితే నా ఆవుల్ని తోలుకొస్తా." ఓడెల్ నవ్వుకుంటూ లేచి, టోపీ పెట్టుకుని పశువుల దగ్గరికి వెళ్ళిపోయాడు.

బావ అటు వెళ్ళగానే డాయిల్ గొంతు తగ్గించాడు. "అక్కా, ఒకటడుగుతా, కాదనకు. బర్ల్ దుకాణంలో సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఒకటుంది. ఒక గుండు పేల్చాక ఇంకోటి దానంతటదే ఎక్కుతుంది. మంద చెదిరేలోపు నాలుగింటినైనా పడగొట్టొచ్చు. డబ్బు నేనిస్తా, నీ పేరు మీద కొను."

వెర్లీన్ పొయ్యి కట్టేసింది. తనే ఎందుకు కొనుక్కోడో ఆమెకు తెలుసు.

డాయిల్ భార్య కోరిన్ పోయి నాలుగేళ్ళయింది. ఆ తర్వాత అతను తిండి మానేశాడు, మాట మానేశాడు. ఒకరోజు అతన్ని ధాన్యం కొట్టులో చూసిన తీరు వెర్లీన్ ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. ఆ రోజే జడ్జి దగ్గరికి పోయి, తమ్ముణ్ణి మానసిక ఆసుపత్రికి పంపించమని సంతకం పెట్టింది. కోర్టు ఉత్తర్వు మీద అతన్ని తీసుకెళ్ళారు. బాగుపడి తిరిగొచ్చాడు గాని, అలా కోర్టు పంపినవాళ్ళు తుపాకీ కొనకూడదు, దగ్గర పెట్టుకోకూడదు. ఆ సంగతి అక్కాతమ్ముళ్ళ మధ్య ఎప్పుడూ మాటల్లోకి రాలేదు.

"చూస్తాలేరా," అంది వెర్లీన్.

ఆ పూటే ఊళ్ళోకి వెళ్ళింది. దుకాణం నడిపే బర్ల్ ఆమెతో బడిలో చదువుకున్నవాడు. రైఫిల్ తీసి బల్ల మీద పెట్టాడు.

"గుర్తింపు కార్డు ఇటివ్వు. ఇప్పుడున్న ఇంటి చిరునామానే కదా? పద్దెనిమిదేళ్ళు నిండాయా అని కూడా చూడాలి. నీ మీద నాకెప్పుడూ అనుమానమే."

వెర్లీన్ నవ్వబోయింది, నవ్వు రాలేదు. బర్ల్ దరఖాస్తు ముందుకు జరిపాడు.

"నింపి సంతకం పెట్టు. నీ వివరాలు సర్కారుకు పంపిస్తా, పాత రికార్డులు చూసి సరేనంటే తీసుకుపోవడమే. ఈ ప్రశ్న మాత్రం నిదానంగా చదువు. తుపాకీ నీ కోసమేనా అని. ఇంకొకరి డబ్బుతో వాళ్ళ కోసం కొంటూ అవునని రాస్తే జైలే. అందరికీ చెప్తా, నీకని కాదు."

ఆమె కళ్ళు కిందికి జారాయి. ఎప్పుడైనా కోర్టు మిమ్మల్ని మానసిక ఆసుపత్రికి పంపిందా అని ఇంకో ప్రశ్న. తన వరకు జవాబు లేదనే. కానీ ఆ వరుస మీద పెన్ను కదల్లేదు. పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"ఇవాళ వద్దులే బర్ల్."

అతను రైఫిల్ తీసి లోపల పెట్టేశాడు.

ఆమె పొలానికి వెళ్ళేసరికి డాయిల్ వాగు పక్క చెక్కలో పెళ్ళగించిన మట్టిని కాలితో సరిచేస్తున్నాడు. అక్క ఒట్టి చేతులు చూడగానే అతని మొహం బిగుసుకుంది.

"కొనలేదా?"

"లేదు."

"జైలంటే భయపడ్డావా?"

"అదీ ఉంది. అబద్ధమెందుకు."

"నా పేరు మీద ఆ ముద్ర పడిందే నీ సంతకంతో," అన్నాడు డాయిల్. అతను గొంతు పెంచలేదు. "ఆ రోజు గబగబా పెట్టేశావు. ఇవాళ ఇంకో సంతకం అడిగితే నీకు చెయ్యి రాలేదు."

నాలుగేళ్ళుగా ఎప్పుడంటాడా అని ఎదురుచూసిన మాటే. విన్నాక వెర్లీన్‌కు కోపం రాలేదు.

"గబగబా పెట్టలేదురా. జడ్జి గది బయట వాంతి చేసుకుని, మొహం కడుక్కుని వచ్చి పెట్టా. మళ్ళీ ఆ పరిస్థితి వస్తే మళ్ళీ పెడతా. నువ్వు జన్మలో నా మొహం చూడకపోయినా ఫర్వాలేదు. నువ్వుంటే చాలు." ఆమె దగ్గరికొచ్చింది. "ఒక్కటి చెప్పు. ఆ తుపాకీ పందుల కోసమేనా?"

డాయిల్ వాగు వైపు తిరిగాడు.

"ఎక్కువ రోజులు పందుల కోసమే," అన్నాడు.

"మిగతా రోజులు?"

అతను వెళ్ళి ట్రక్కు వెనక అంచు మీద కూర్చున్నాడు. "ఇంటికెళ్ళబుద్ధి కావట్లేదక్కా. మళ్ళీ అలాగే ఉంటోంది. నీకు చెప్తే మళ్ళీ పంపిస్తావేమోనని చెప్పలేదు." చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు.

వెర్లీన్ పక్కన కూర్చుంది. "ఈసారి నేను సంతకం పెట్టను. నీ కాళ్ళతో నువ్వే రా. డాక్టరు దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్దాం."

అక్కడి నుంచి అక్కడే బయల్దేరారు. డాక్టరు మందు మొదలుపెట్టాడు, ఒంటరిగా ఉండొద్దన్నాడు. డాయిల్ అక్క ఇంటి వెనక గదిలోకి వచ్చేశాడు. వచ్చిన రోజే ఓడెల్‌తో అన్నాడు, "నీ తుపాకుల బీరువా తాళం మార్చు బావా. తాళంచెవి ఎక్కడ పెడతావో నాకు తెలుసు." ఓడెల్ సరేనని తలూపి, తాళం మార్చేశాడు. ఆ వారమే ఇరుగుపొరుగును పిలుచుకొచ్చి చేను గట్టున పెద్ద ఇనప బోను కట్టించాడు. పందులు దానికి అలవాటు పడ్డాక ఒక మంద మొత్తం పడింది. మిగిలిన చేను దక్కింది.

కోతలైపోయాక ఒక సాయంత్రం వెర్లీన్ వాకిట్లో కాయలు వలుస్తూ అంది, "వకీలును అడిగానురా. బాగుపడ్డావని కోర్టుకు అర్జీ పెట్టుకుంటే ఆ ముద్ర తీసేసే వీలుందట."

"ఇప్పుడొద్దు. అడగాలనిపించిన రోజు నేనే చెప్తా," అన్నాడు డాయిల్. మళ్ళీ తనే, "జడ్జి గది బయట వాంతి చేసుకున్నానన్నావే. ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు నన్ను ఓదార్చాల్సొచ్చేది. అప్పుడు నీకంత ఓపికెక్కడిది?"

డాయిల్ చేతిలోని కాయలు పక్కన పెట్టాడు. "ఇప్పుడుందక్కా," అన్నాడు.

అంతవరకూ ఎవరి ముందూ కన్నీరు పెట్టని వెర్లీన్, అప్పుడు తమ్ముడి భుజం మీద తల ఆనించి ఏడ్చింది.